గీత మీద పడిన బంతి

స్టోరు గదిలో బూడిదరంగు ఇనప బీరువా ఒకటుంది. దాని తాళంచెవి గుమాస్తా మెడలో, చొక్కా లోపల, నల్లతాడుకి వేలాడుతుంది. స్నానానికి కూడా తీయడు. పిల్లలు అతన్ని బీరువా తాత అంటారు. ఎదురుగా అనరు. అనే ధైర్యం ఆ బడిలో ఎవరికీ లేదు, పెద్ద టీచరుతో సహా.

బీరువా నిండా ఆటసామాను. సర్కారు బడుల్లో పిల్లలు కూర్చుని కూర్చుని గూనెక్కిపోతున్నారని పైవాళ్ళకి ఒకప్పుడు దిగులు పుట్టింది. ఏటా ఒక పెట్టె పంపడం మొదలుపెట్టారు. బంతులు, వల, గాలి కొట్టే పంపు, తాళ్ళు, ఈలలు. పెట్టె రాగానే గుమాస్తా ఒక్కోటీ బయటికి తీసి, తుడిచి, స్టాకు పుస్తకంలో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అంతే సంగతులు. ఐదేళ్ళలో ఐదు పెట్టెలొచ్చాయి. చిరిగిన బంతి ఒక్కటీ వెనక్కి రాకపోయేసరికి, వీళ్ళకిక చాలనుకుని పైవాళ్ళు పంపడం మానేశారు. మానేసి మూడేళ్ళయింది. ఆ బడి పిల్లలు ఒక్క బంతి రంగు కూడా చూడలేదు.

అతను దొంగ కాడు. సుద్దముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళి ఎరగడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒకే ఒక్కసారి మాట పడ్డాడు.

అది వేరే బడి. అక్కడి డ్రిల్లు మాస్టారు "సాయంత్రం తెచ్చిస్తాగా అన్నా" అని మూడు బంతులు సంతకం లేకుండా పట్టుకెళ్ళాడు. తేలేదు. తనిఖీ వచ్చింది. బంతులేవని అడిగారు. డ్రిల్లు మాస్టారు గోడకేసి చూస్తూ "నాకేం తెలీదండీ" అన్నాడు. గుమాస్తా మీద విచారణ పడింది. అది తేలేదాకా ఊరు దాటొద్దన్నారు. సరిగ్గా ఆ వారమే అతని భార్యని పెద్దాసుపత్రిలో చేర్చారు. బస్సులో ఆరు గంటల దూరం. సెలవు చీటీ మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ తిరిగొచ్చింది. నాలుగోసారి ఇచ్చారు. అతను వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మారుస్తున్నారు.

బంతులు తర్వాత దొరికాయి, ఆ మాస్టారి బావమరిది ఇంట్లో అటక మీద. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. చెప్పినా అతను పుచ్చుకునేవాడు కాదు.

అప్పట్నించీ అతనికి రెండంటే రెండే కిట్టవు. ఒకటి బంతి, రెండోది డ్రిల్లు మాస్టారు.

అలాంటి మనిషి గదిలోకి ఒక సోమవారం పొద్దున్నే కొత్త డ్రిల్లు టీచరు వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మెడలో ఈల. నడకలో కొంచెం కుంటు, ఆడేరోజుల్లో మోకాలు విరిగిందట. ప్రతి సర్కారు బడికీ ఒక డ్రిల్లు టీచరు, రోజుకొక ఆటల పీరియడు అని పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. అయితే ఇది శాశ్వతం కాదు. ఏడాది చూస్తారు. ఆట నడుస్తుంటే టీచరూ ఉంటుంది, పీరియడూ ఉంటుంది. నడవకపోతే టీచరుని ఇంటికి పంపి, ఆ పీరియడు లెక్కల మాస్టారికిచ్చేస్తారు.

"నమస్కారం బాబాయ్ గారూ. ఒక వాలీబాలివ్వండి."

"నేనెవరికీ బాబాయిని కాను."

"సరే సార్. ఒక వాలీబాలివ్వండి."

"చిరిగితే?"

"చిరిగింది తెచ్చి చూపిస్తాను."

"పోతే?"

"వెతికిస్తాను."

"వెతికినా దొరక్కపోతే?"

ఆమె నవ్వింది. "బంతి అన్నాక పోతుంది, చిరుగుతుంది. దాని పనే అది బాబాయ్ గారూ."

"ఈ గదిలో దాని పని బీరువాలో కూర్చోవడం. పెద్ద టీచరు దగ్గర కాగితం రాయించుకుని రా."

పెద్ద టీచరు నీళ్ళు నమిలింది. "ఆయనతో పెట్టుకోకమ్మా. ఇంకో ఏడాదిన్నరలోపే రిటైరవుతాడు. అంతదాకా ఓపిక పట్టు."

"ఏడాదికి నేనే రిటైరయ్యేలా ఉన్నాను మేడం" అంది డ్రిల్లు టీచరు.

ఇంటి నుంచి తన సొంత బంతి తెచ్చింది. మూడోరోజు అది గోడ దాటి రోడ్డు మీద లారీ చక్రం కింద పడి ఠాప్‌మంది. ఇంకోటి కొననని భీష్మించింది. సర్కారు పంపిన బంతులు బీరువాలో మూలుగుతుంటే తనెందుకు కొనాలి? ఆమెదీ తక్కువ మొండితనం కాదు.

మర్నాడు ఆటల పీరియడులో స్టోరు గది కిటికీలోంచి చూసి గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. రెండు ఇనప స్తంభాల మధ్య తాడు కట్టి ఉంది. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. ఎగురుతున్నారు, దూకుతున్నారు, చేతులెత్తి కొడుతున్నారు. దుమ్ము రేగుతోంది. బంతి మాత్రం లేదు.

మొదట పిచ్చిపట్టిందనుకున్నాడు. కాసేపు చూశాక అర్థమైంది. దానికీ రూళ్ళున్నాయి. కొట్టినవాడు నోటితో ధప్‌మనాలి. అందరి కళ్ళూ ఎటుంటే బంతి అటున్నట్టు. పక్క చూపులు చూసినవాడు బయటికి. ఇంకో రూలు అన్నిటికన్నా ముఖ్యమైనది: బంతి ఎవరి చేతిలోంచి జారితే వాళ్ళే చెయ్యెత్తి "నాది" అని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆట ముందుకి నడవదు. లేని బంతిని ఇంకెవరు పట్టిస్తారు?

"తొండాట ఆడితే బంతి మాయమైపోతుంది" అని చెప్పింది టీచరు. పిల్లలు నమ్మారు. అక్కడ కనిపించేదేమీ లేదు గనక ఇంకా గట్టిగా నమ్మారు.

గుమాస్తాకి ఇది వెక్కిరింతలా అనిపించింది. తన మీదే ఆడుతున్న నాటకం. కిటికీ మూసేశాడు. మూసేస్తే గదిలో ఉక్కపోసింది. తెరిచాడు. తెరిచాక చూడక తప్పలేదు.

నెల తిరిగేసరికి అందరూ తెలిసిపోయారు. పొట్టి అనే పిల్ల ఉంది, ఆరో తరగతి, తాడు కింద నుంచి వంగకుండా పోగలదు, కానీ బంతిని లేపి ఇవ్వడంలో దానికి సాటి లేదు. గోడ అని పొడుగు కుర్రాడు, తాడు దగ్గర చేతులెత్తి నిలబడితే ఏదీ దాటదు. లాయరు అని ఇంకో పిల్ల, ప్రతి పాయింటుకీ తగువు. బంతి తన నెత్తిన పడ్డా అవతలివాళ్ళదే తప్పంటుంది. అయితే చివరికి, అందరి చూపులూ తన మీద పడ్డాక, మొహం మాడ్చుకుని చెయ్యెత్తుతుంది. "సరే. నాదే. ఏడవండి."

గుమాస్తా స్టాకు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. పెన్ను కదిలేది కాదు. గోడ ముందుకొచ్చినప్పుడు "వెనక్కి చావరా" అని గొణిగేవాడు. ఎవరికీ వినిపించకుండానే.

ఒకరోజు ఆట మధ్యలో పొట్టి పరుగెత్తుకొచ్చి కిటికీ చువ్వలు పట్టుకుంది.

"తాతా, బంతి లోపలికొచ్చింది. ఇవ్వవా?"

"ఏ బంతి?"

"మా బంతి. గోడగాడు కొట్టాడు. మొద్దు, చూసి కొట్టడు."

"ఇక్కడేం లేదు. పో."

పొట్టి పోలేదు. చువ్వల సందులో ముక్కు దూర్చి గదంతా వెతికింది. "అదిగో, బల్ల కింద. చీపుర్ల పక్కన."

గుమాస్తా వంగి చూశాడు.

వంగాక గాని వంగినట్టు తనకే తెలియలేదు. బల్ల కింద సుద్దముక్కల డబ్బా, రెండు చీపుర్లు, ఒక బొద్దింక. గబుక్కున లేవబోతే తల బల్లకి కొట్టుకుంది.

"దొరికిందా తాతా?"

"పోతావా, పెద్ద టీచరుకి చెప్పమంటావా?"

"బంతి లేకుండా ఎలా పోతాను? అక్కడ అందరూ నిలబడిపోయారు."

నిజమే. పదకొండు మందీ నడుం మీద చేతులు పెట్టుకుని ఇటే చూస్తున్నారు. ఆట ఆగిపోయింది. తన వల్ల ఆగిపోయింది.

గుమాస్తా గుమ్మంకేసి చూశాడు. ఎవరూ లేరు. రెండు చేతులూ బల్ల కిందికి చాచి, ఏదో తీసినట్టు తీసి, కిటికీలోంచి విసిరాడు.

"అటు కాదు తాతా, ఇటు!" పొట్టి వెనక్కి తిరిగి పరుగు లంకించుకుంది. "తాతకి విసరడం కూడా రాదే!"

ఆ సాయంత్రం ఇంట్లో పళ్ళెం ముందు కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకునే ఆలోచించాడు. ఆ చువ్వల సందు జానెడు కూడా ఉండదు. బంతి పట్టదు. లోపలికి ఎలా వచ్చినట్టు? ఆవిడుంటే ఈ మాట విని పడీపడీ నవ్వేది. ఏ చిన్నదానికైనా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వే మనిషి. ఆ నవ్వు విని విసుక్కునేవాడు.

మర్నాడు బడి గేటు దగ్గర పొట్టిని ఆపాడు.

"ఆ కిటికీ సందులో బంతి పట్టదు గదా?"

పొట్టి ఏమాత్రం తడుముకోలేదు. "గాలి తక్కువుంది తాతా. పంపు నీ దగ్గరే ఉంది."



ఏడాది ముగుస్తుండగా ఉత్తరం వచ్చింది. తనిఖీ అధికారి గురువారం వస్తున్నాడు. ఆట చూస్తాడు, సర్కారిచ్చిన సామాను వాడుతున్నారో లేదో చూస్తాడు, డ్రిల్లు టీచరు ఉండాలో పోవాలో రాసుకుపోతాడు. లెక్కల మాస్టారు అప్పుడే ఆటల పీరియడుకి పాఠం సిద్ధం చేసుకున్నాడని కూడా వినికిడి.

బుధవారం పొద్దున్న పెద్ద టీచరు స్వయంగా స్టోరు గదికొచ్చింది. వెనకాల డ్రిల్లు టీచరు. పెద్ద టీచరు గొంతు సవరించుకుంది. మాట్లాడే అవసరం రాలేదు. గుమాస్తా అప్పటికే మెడలో తాడు పైకి లాగుతున్నాడు.

బీరువా తలుపు కిర్రుమంది. లోపల పదిహేను బంతులు, వరసల్లో, ఒక్కో దానికీ అంకె రాసిన చీటీ. పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. డ్రిల్లు టీచరు ఒకటి చేతిలోకి తీసుకుంది. దాని తోలు ఎండిన బెరడులా పెళ్ళలుగా రాలింది. పంపు పెట్టి గాలి కొట్టింది. సుయ్‌మంటూ మొత్తం బయటికే పోయింది. రెండోది లోపల రబ్బరు అతుక్కుపోయి, బంకలా సాగింది. మూడోది. నాలుగోది. వల విప్పబోతే దారం పొడి అయింది. రోజూ మధ్యాహ్నం ఎండంతా ఆ కిటికీలోంచి ఆ బీరువా మీదే పడుతుంది. ఎనిమిదేళ్ళుగా.

ఆమె తిట్టి ఉంటే గుమాస్తాకి బాగుండేది. పదిహేనోది కాస్త గట్టిగా ఉంది, గాలి నిలిచింది. దాన్ని చంకలో పెట్టుకుని, "ఇదొక్కటి చాలు బాబాయ్ గారూ" అని వెళ్ళిపోయింది.

గుమాస్తా బంతులని మళ్ళీ వరసలో పేర్చాడు. పేర్చి, మళ్ళీ తీసి, నేల మీద కుప్ప పోశాడు. ఎనిమిదేళ్ళు అతి జాగ్రత్తగా వీటిని చంపాడు.

ఆ మధ్యాహ్నం అసలు బంతితో సాధన పెట్టారు. పొట్టి లేపబోతే వేళ్ళు వెనక్కి విరిగినంత పనైంది. గోడగాడి ముక్కుకి తగిలింది. లాయరు తల పక్కకి తిప్పేసుకుంది.

"ఇది చెప్పిన మాట వినడం లేదు టీచర్!" అంది పొట్టి, వేళ్ళు ఊదుకుంటూ.

"మన బంతే బాగుంది" అన్నాడు గోడ, ముక్కు పట్టుకుని. "ఇది బరువు."

గురువారం పదింటికి అధికారి వచ్చాడు. నడివయసు మనిషి, లావుపాటి కళ్ళజోడు, చేతిలో అట్టకి బిగించిన కాగితం. ఎండలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఊ, కానివ్వండి" అన్నాడు.

మొదటి బంతి పొట్టి చేతుల మధ్యలోంచి జారి నెత్తిన పడింది. రెండోదాన్ని గోడ కొడితే సొంత జట్టువాడి వీపుకే తగిలింది. మూడోదానికి నలుగురు ఒకేసారి వెళ్ళి ఒకరినొకరు గుద్దుకున్నారు. ఆరోసారో ఏడోసారో బంతి స్తంభానికి కొట్టుకుని కుట్టు విడిపోయింది. ఉస్సురుమని పొట్టి కాళ్ళ దగ్గర చదునుగా పడుకుంది.

స్టోరు గది గుమ్మంలో నిలబడ్డ గుమాస్తా చొక్కా మీంచి తాళంచెవి పట్టుకున్నాడు.

"పిల్లలకి ఆట రాదు" అన్నాడు అధికారి. కోపంగా కూడా అనలేదు. కాగితం మీద రాయబోయాడు.

"పది నిమిషాలివ్వండి సార్" అంది డ్రిల్లు టీచరు. "వాళ్ళ ఆట ఆడతారు."

"వాళ్ళదేమిటి, మనదేమిటి? బంతి పోయిందిగా."

"బంతి లేకుండా."

అధికారి కళ్ళజోడు పైనుంచి ఆమెని చూశాడు. ఆమె అప్పటికే ఈల ఊదింది.

పిల్లలు వంగిన నడుములు నిటారు చేశారు. ధప్. లాయరు సర్వీసు కొట్టింది. అవతల గోడ లేపాడు. పన్నెండు మెడలూ ఒక్కసారి పైకి తిరిగాయి, ఒక్కసారి కిందికి దిగాయి. ధప్, ధప్. పొట్టి మోకాళ్ళ మీద జారి నేలకి బెత్తెడు ఎత్తులో అందుకుంది. ఇటు నుంచి కొట్టింది అటు, అటు నుంచి ఇటు. ఒకడు జారవిడిచాడు. ఎవరూ అడక్కుండానే చెయ్యి లేచింది. "నాది." పాయింటు మారింది. మళ్ళీ ధప్.

అధికారి మొదట పిల్లలని చూశాడు. తర్వాత వాళ్ళు చూసేవైపు చూశాడు. ఆ తర్వాత కాగితమున్న అట్ట చంకలోకి పోయింది. మెడ అటూ ఇటూ తిరగసాగింది. గోడ ఎగిరి కొట్టిన ఒక దెబ్బకి "అబ్బా" అన్నాడు, పైకే.

పద్నాలుగు, పద్నాలుగు దగ్గర గోడ మళ్ళీ ఎగిరాడు. బంతి తాడు మీంచి వాలుగా వచ్చి వెనక గీత దగ్గర పడింది. లాయరు చేతులూపింది.

"బయట! బయట పడింది!"

"లోపలే!" అన్నాడు గోడ.

ఆరుగురు ఇటన్నారు, ఆరుగురు అటన్నారు. ఈ తగువులో చెయ్యెత్తడానికి ఎవరూ లేరు. టీచరు నోరు తెరిచేలోగా అధికారే రెండడుగులు ముందుకొచ్చాడు.

"బయటేనమ్మా. నేను చూశాను. బెత్తెడు బయట."

"లేదండీ."

అందరూ వెనక్కి తిరిగారు. గుమాస్తా గుమ్మం దిగి ఎండలోకొచ్చి ఉన్నాడు.

"గీత మీద పడింది" అన్నాడు. "సుద్ద లేచింది. గీత మీద పడితే లోపలే."

"నేను ఇక్కడే నిలబడ్డానయ్యా!"

"మీరు పక్కనుంచి చూశారు. నేను గీతకి ఎదురుగా ఉన్నాను. ఏడాది నుంచీ చూస్తున్నాను, ఆ కుర్రాడి దెబ్బ ఎప్పుడూ అక్కడే పడుతుంది."

"నా కళ్ళకేం..." అని అధికారి సగంలో ఆగిపోయాడు. గీతకేసి చూశాడు. అక్కడ ఏమీ లేదు. పొద్దున్నే పోసిన సుద్ద, పొట్టి కాలి గుర్తు. అతని మొహం ముందు ఎర్రబడింది, తర్వాత విప్పారింది. తల వెనక్కి వాల్చి నవ్వాడు. పెద్ద టీచరు నవ్వొచ్చో లేదో తెలియక కొంగు అడ్డం పెట్టుకుంది.

"సరే, లోపలే" అన్నాడు అధికారి. గోడ జట్టు అరుపులకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

కానీ అట్ట మళ్ళీ చంకలోంచి బయటికొచ్చింది.

"అమ్మా, ఇంత ఆట నేర్పావు. బంతితో ఎందుకు నేర్పలేదు? ఇక్కడ రెండో ప్రశ్న ఉంది. 'ఇచ్చిన సామాను వాడుతున్నారా?' లేదనే రాయాలి. కారణం కూడా రాయాలి. టీచరు అడగలేదని రాస్తే నీ ఉద్యోగం ఈ రోజుతో సరి. అడిగినా ఇవ్వలేదని రాస్తే ఇవ్వనిదెవరో చెప్పాలి. ఎవరిది తప్పు?"

డ్రిల్లు టీచరు పెదవి తడుపుకుంది. గుమాస్తాకేసి చూడలేదు. చూడకూడదని చూడలేదు. "అదేం లేదు సార్, సామాను సర్దుకోవడంలో కాస్త..." అని ఆగి, బడి గోడకేసి చూసింది.

గోడకేసి చూసిన మనిషిని గుమాస్తా ఇదివరకొకసారి చూశాడు. వాడు తనని తాను కాపాడుకోవడానికి చూశాడు. ఈ పిల్ల ఇంకొకరిని కాపాడటానికి చూస్తోంది. ఆనాడు ఎవరో ఒకరు ఒక్క చెయ్యెత్తి ఉంటే, బస్సెక్కి ఆరు గంటల్లో ఆసుపత్రికి చేరేవాడు.

అతను కుడిచెయ్యి పైకెత్తాడు. పూర్తిగా, మోచెయ్యి వంచకుండా, పిల్లలెత్తినట్టు.

"నాది" అన్నాడు.

పొట్టి నోరు తెరుచుకుంది.

"ఆమె వచ్చిన మొదటిరోజే అడిగింది. నేనివ్వలేదు. పదిహేను బంతులు బీరువాలోనే పాడైపోయాయి. పెద్ద టీచరుకి సంబంధం లేదు. ఈ అమ్మాయికీ లేదు. రాసుకోండి."

అధికారి వెంటనే రాయలేదు. "మీకింకా ఎంత సర్వీసుంది?"

"నాలుగు నెలలు."

"మెమో వస్తుంది. తెలుసుగా?"

"తెలుసు. రెండోది. ఈసారి సరైన అడ్రసుకొస్తుంది."

అధికారికి ఆ మాట అర్థం కాలేదు. అడగనూ లేదు. రాసుకుని, వెళ్ళేముందు గీత దగ్గర ఒక్క క్షణం నిలబడి, దాన్ని తొక్కకుండా దాటాడు.

మెమో పదిరోజుల్లో వచ్చింది. దాంతోపాటే డ్రిల్లు టీచరుని కొనసాగిస్తున్నట్టు ఉత్తర్వు, ఆటల పీరియడు అలాగే ఉంటుందని ఇంకోటి. లెక్కల మాస్టారు రెండురోజులు ముభావంగా తిరిగాడు. నెల తిరక్కుండా పెట్టె కూడా దిగింది. ఈసారి పెట్టెతో ఒక కొత్త నిబంధన: ఏడాది చివర అరిగిన బంతులు చూపించని బడి సంజాయిషీ ఇవ్వాలి. ఆ అధికారే రాయించి ఉంటాడు.

డ్రిల్లు టీచరు స్టోరు గదికొచ్చి గుమ్మంలోనే నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సర్వీసు చివర్లో ఈ మచ్చెందుకు తెచ్చుకున్నారు బాబాయ్ గారూ? నేనేదో సర్దిచెప్పేదాన్నిగా."

"జారవిడిచినవాడు చెయ్యెత్తాలి. రూలు పెట్టింది నువ్వేగా."

"అయితే నేను బాబాయ్ అంటే ఒప్పుకున్నట్టేనా?"

"అది వేరే తగువు" అన్నాడు. "ఆ మేకు ఇలా అందించు."

మెడలోంచి తాళంచెవి తీశాడు. ఇన్నేళ్ళ తర్వాత తీస్తే మెడ వెనక చర్మం మీద సన్నటి తెల్లగీత మిగిలింది. మేకు తలుపు పక్కన కొట్టబోయి ఆగాడు. పొట్టిని పిలిచి, గోడకి ఆనుకుని నిలబడి చెయ్యెత్తమన్నాడు. దాని వేళ్ళు ఎక్కడికి అందాయో అక్కడ, ఒక అంగుళం కిందికి, మేకు కొట్టాడు. తాళంచెవి దానికి తగిలించాడు.

"నేను లేనప్పుడు కూడా తీసుకోవచ్చా తాతా?"

"నేనుంటే ఇవ్వనని భయమా?"

"కొంచెం" అంది పొట్టి.

రెండు నెలలకి మొదటి బంతి చిరిగింది. గోడ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏం తిట్లు పడతాయో అని రెండడుగులు వెనక్కి నిలబడ్డాడు. గుమాస్తా బంతిని తిప్పి తిప్పి చూశాడు. కుట్ల దగ్గర నల్లగా, నున్నగా అరిగిపోయింది. స్టాకు పుస్తకం తీశాడు. పాడైన తేదీ రాశాడు. 'కారణం' అన్న గడి ముందు పెన్ను ఆగింది. ముప్పై ఏళ్ళలో ఆ గడిలో 'ఎలుకలు', 'వాన నీరు', 'తెలియదు' అని రాశాడు.

'ఆడారు' అని రాసి సంతకం పెట్టాడు.

రిటైరవడానికి వారం ముందు ఒక మధ్యాహ్నం కిటికీ చువ్వల్లో ముక్కు కనిపించింది.

"తాతా, బంతి లోపలికొచ్చింది."

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. బయట తాడుకటూ ఇటూ పిల్లలు నడుం మీద చేతులతో నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలో ఏముందో ఇక్కడినుంచి కనబడదు.

"ఏ బంతి? పెట్టెలో వచ్చిందా, మనదా?"

"మనది."

"గాలి సరిగ్గా ఉందా?"

"నిండా ఉంది."

"మరి ఈ సందులో ఎలా పట్టిందే?"

పొట్టి చువ్వలకేసి చూసింది, తాతకేసి చూసింది. మొదటిసారి దాని దగ్గర సమాధానం లేదు. తాత మొహంలో ఎప్పుడూ చూడనిదేదో చూసి అది కూడా నవ్వడం మొదలుపెట్టింది. గుమాస్తాకి నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఆగు, తీస్తాను" అని, తల తగలకుండా జాగ్రత్తగా బల్ల కిందికి వంగాడు.